ప్రత్తి బజారు, మగ్గాల ఊరు: ఆదోని – ఎమ్మిగనూరులలో అమ్మకపు విద్య

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను పట్టణములు రెండు ఒకదానికొకటి సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఉన్నవి. మొదటిది ప్రత్తి బజారు. రెండవది మగ్గాల ఊరు. ఆదోనిలో దూది బేళ్ళుగా కట్టబడి రైలెక్కెను. ఎమ్మిగనూరులో, ఎక్కడనో వడికిన నూలు చిలపలుగా వచ్చి దిగి, చీరలుగను దుప్పట్లుగను మారెను. రైతు ప్రత్తిని అమ్ముకొన్న నాటికిని, ఆ ప్రత్తియే గుడ్డయై ఇల్లాలి చేతికి వచ్చిన నాటికిని నడుమ ఎన్ని చేతులు మారునో, ఏ చేతిలో ఎంత నిలుచునో లెక్క కట్టినచో ఈ సీమ ఆర్థిక చరిత్ర చాలవరకు తెలియును.

క్రొత్తదనము అనగానే మనకు యంత్రము స్ఫురించును. కాని సరకు తయారుచేయుట ఒక విద్య. దానిని తగిన ధరకు అమ్ముకొనుట మరియొక విద్య. మొదటి విద్యలో క్రొత్త సంగతి కనిపెట్టినవారి పేర్లు పాఠ్యపుస్తకములలో ఉండును. రెండవ విద్యలో సామాన్యులు చేసిన కల్పనలను తలచువారు తక్కువ. అటువంటి కల్పనలు రెండు ఈ ప్రాంతమున కానవచ్చును. ఒకటి, రైతు తెచ్చిన ప్రత్తికి నలుగురి యెదుట ధర కట్టు క్రమబద్ధమైన మార్కెట్టు. రెండవది, నేతగాండ్రు సభ్యులుగా 1938లో ఎమ్మిగనూరున వెలసిన సహకార సంఘము. ఈ రెంటి పుట్టుకను, వాటి వెనుకనున్న అవసరమును, తరువాతి కాలమున వాటికి కలిగిన పరీక్షను తెలుపుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ముందుగా నేలను గూర్చి రెండు మాటలు. ఇది వాన తక్కువైన సీమ. ఉత్తరమున తుంగభద్ర పారుచున్నను, చాల గ్రామములు వాననే నమ్ముకొన్నవి. అయినను ఇచట నల్లరేగడి విస్తారముగా కలదు. ఒకమారు తడిసిన తేమను చాలకాలము పట్టి ఉంచు గుణము ఆ మట్టికి ఉన్నది. కావున జొన్నయు ప్రత్తియు ఇచట పండును. బళ్ళారి, ఆదోని ప్రాంతముల నల్లరేగడిలో పండిన ప్రత్తిని వ్యాపారులు పూర్వము ‘వెస్టర్న్సు’ అను పేరుతో ఎరుగుదురు. కర్నూలు, నంద్యాల వైపు ప్రత్తికి ‘నార్తర్న్సు’ అని పేరు. సరకుకు ఒక పేరు నిలిచినదనగా, కొనువాడు దానిని గుర్తుపట్టుచున్నాడని అర్థము. వ్యాపారములో అది చిన్న విషయము కాదు.

ఆదోని కోట రాజకీయముగా పెక్కు చేతులు మారినది. విజయనగర రాజుల తరువాత అది బీజాపూరు సుల్తానుల వశమాయెను. వారి తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూదుఖాను కాలమున వెలసిన జామియా మసీదు నేటికిని ఆ ఊరికి అలంకారముగా ఉన్నది. 1680ల చివర ఔరంగజేబు సైన్యములు కోటను పట్టుకొనెను. అటుపిమ్మట నిజాము సోదరుడు బసాలత్ జంగు ఆదోనిని జాగీరుగా అనుభవించెను. 1786లో టిప్పు సుల్తాను దానిని ముట్టడించి గెలిచెను. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అప్పటినుండి ఇవి దత్తమండలములైనవి. తామస్ మన్రో వీటికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చెను. కంపెనీ ఏలుబడి మొదలు 1953 వరకు ఆదోని తాలూకా బళ్ళారి మండలములోని భాగముగానే ఉండెను. ఇచటి వ్యాపారపు చిట్టాలు బళ్ళారి పేరిట వ్రాయబడుటకు ఇదియే కారణము.

పందొమ్మిదవ శతాబ్దమున రెండు సంఘటనలు ఈ ప్రాంతపు ప్రత్తిని లోకపు బజారుతో ముడివైచెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధము వలన లాంకషైరు మిల్లులకు అమెరికా దూది అందకపోయెను. ఆ లోటును తీర్చుటకు హిందూదేశపు ప్రత్తికి గిరాకి హఠాత్తుగా పెరిగెను. యుద్ధము ముగియగానే ధరలు మరల పడిపోయెను. ఆదోని రైతుకు తాను చూడని దేశములో జరుగు యుద్ధము తన చేని ధరను నిర్ణయించునని తెలిసినది అప్పుడే. రెండవ సంఘటన రైలు. 1871లో బొంబాయి, మదరాసు రైలు మార్గములు రాయచూరు వద్ద కలిసెను. ఆ దారిలోనే ఆదోని ఉన్నది. ఎద్దుబండ్లపై వారముల తరబడి పోవలసిన సరకు రోజులలో రేవు చేరసాగెను. గింజ తీయు మిల్లులు, దూదిని బిగించి బేళ్ళు కట్టు ప్రెస్సులు ఆదోనిలో వెలసెను. కమీషను మండీలు వరుసగా నిలిచెను.

రైలు సరకును తీసికొనిపోవుటయే కాదు, తెచ్చినది కూడ. మిల్లు నూలు, మిల్లు గుడ్డ అదే దారిని వచ్చి దిగెను. మిల్లు నూలు వచ్చుటతో ఇంటింట రాట్నము తిప్పువారికి పని పోయెను. నేతగాడు మాత్రము నిలిచెను. ఏలయన, మిల్లు నూలు సన్నముగను, సమముగను ఉండుట వలన అతని నేతకు అది అనుకూలించెను. కాని అతడు అంతకు ముందు ఊరిలోని రాట్నముల మీద ఆధారపడియుండగా, ఇప్పుడు దూరపు మిల్లు మీద, నూలు అమ్ము వర్తకుని మీద ఆధారపడవలసి వచ్చెను. అతని చేతిలోనుండి ముడిసరకు జారిపోయినది.

1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవు ఈ సీమను పీడించిన తీరు చరిత్రలో ప్రసిద్ధము. కరవులో మొదట నష్టపడువాడు నేతగాడే. పంట పోయిన కుటుంబము తిండి గింజలు ఎట్లైనను వెదకుకొనును. క్రొత్త బట్ట మాత్రము ఆ యేడు మానుకొనును. చిరిగినదానిని కుట్టుకొని కట్టుకొనును. అందువలన ధాన్యపు ధర ఆకాశమునకు ఎగబ్రాకు దినముననే గుడ్డకు కొనువాడు లేకపోవును. ఈ సంగతి ప్రభుత్వమునకు కూడ బోధపడినది. నేతగాండ్రను రాళ్ళు కొట్టు పనికి పంపుటకంటె, వారికి నూలు ఇచ్చి, నేసిన గుడ్డను తీసికొని, వారి వృత్తిలోనే సాయపడుట మేలను తలంపు మదరాసు కరవు పాలనలో చోటుచేసికొనెను. నూలు ఇచ్చుట, కూలి ఇచ్చుట, గుడ్డ తీసికొని అమ్ముట అను ఈ మూడు పనులను కరవు నాడు ప్రభుత్వము చేసినట్లే, మామూలు కాలమున నేతగాండ్రే ఒకటిగా చేరి ఎందుకు చేసికొనరాదు? ఈ ప్రశ్నకు జవాబు రావలెనన్న ఇంకను అరువది యేండ్లు పట్టెను.

ఈలోగా ప్రత్తి బజారు సంగతి చూతము. దేశములోని పెక్కు మండీలలో వలె పూర్వకాలపు ప్రత్తి బేరము చాటుబేరము. కొనువాడును దళారియు ఒక తువాలు క్రింద చేతులు పెట్టి, వ్రేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొనెడివారు. ప్రత్తి తెచ్చిన రైతు ప్రక్కనే నిలుచుండియు, ఆ తువాలు క్రింద ఏమి జరుగుచున్నదో ఎరుగడు. బేరము కుదిరిన తరువాత తరుగని కొంత, ధర్మమని కొంత, హమాలీ అని కొంత తీసివేయుదురు. తూకపు రాళ్ళు ఎవరివో, వాటి బరువెంతో అడుగు ధైర్యము రైతుకు లేదు. ఏలయన, ఆ మండీ యజమానియే విత్తనమునాడు అతనికి అప్పు ఇచ్చినవాడు. అప్పు ఇచ్చినవానికే సరకు అమ్మవలెను. అమ్మినవానికే మరల అప్పు పడవలెను. ఈ చక్రమునకు మొదలు ఏదో, తుద ఏదో చెప్పుట కష్టము.

ఈ లోపమును సవరించుటకు బీరారు ప్రాంతమున 1897లోనే ప్రత్తి, ధాన్యపు బజారులకు శాసనము చేయబడెను. 1928లో వ్యవసాయమును గూర్చిన రాయల్ కమీషను, దేశమంతట క్రమబద్ధమైన మార్కెట్లు ఏర్పడవలెనని సిఫారసు చేసెను. మదరాసు రాజధానిలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టము వచ్చెను. రాష్ట్రము వేరైన పిమ్మట, ఆంధ్రప్రదేశమున 1966 నాటి మార్కెట్ల చట్టము క్రింద ఈ ఏర్పాటు విస్తరించెను.

ఈ సంస్కరణలో యంత్రమేదియు లేదు. ఒక ఆవరణ, పరీక్షింపబడిన కాటా, ధర వ్రాసి వేయు చీటి, ఆ ధరను అందరికి కనిపించునట్లు వ్రాయు పలక, రైతులును వర్తకులును కూర్చుండు ఒక కమిటీ, ఇంతే. తువాలు తీసివేసి బేరమును వెలుగులోనికి తెచ్చుటయే అందలి కల్పన. నలుగురు కొనువారు చీటిలో తమ తమ ధరలు వ్రాసి ఇచ్చినప్పుడు, ఎక్కువ వ్రాసినవానికి సరకు పోవును. రైతు నోరు విప్పి బేరమాడనవసరము లేదు. కొనువారి నడుమ పోటీయే అతని పక్షమున బేరమాడును. ఆదోని మార్కెట్టు యార్డు నేటికిని రాష్ట్రములోని పెద్ద ప్రత్తి మార్కెట్లలో ఒకటిగా ఉన్నది. ప్రత్తియే కాక వేరుసెనగ, ఆముదాలు కూడ అచటకు వచ్చుచున్నవి. అప్పు బంధము వలన గ్రామములోనే సరకు అమ్ముకొను రైతులు ఉన్నంత కాలము ఈ ఏర్పాటు సంపూర్ణము కాదు. అయినను, ధర తెలిసికొను హక్కు రైతుదని అంగీకరింపబడుట ఒక మలుపు.

ఇక ఎమ్మిగనూరు. ఈ ప్రాంతమున కురిహినశెట్టి, తొగట, పద్మశాలి, దేవాంగ మున్నగు నేత కులములవారు తరతరములుగా మగ్గము నమ్ముకొని బ్రదుకుచున్నారు. మగ్గము ఒక్కరి పని కాదు. ఇంటిలోని ఆడవారు కండెలు చుట్టుదురు. ముసలివారు ఆసు పోయుదురు. వీధిలో పడుగు చాచి గంజి పెట్టునప్పుడు ఇరుగు పొరుగు చేయి వేయుదురు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుండి నాడె ఆడించువాడు ఒక్కడే అయినను, ఆ గుడ్డలో కుటుంబమంతటి శ్రమ ఉన్నది. కూలి మాత్రము ఒక్క మగ్గమునకే.

స్వంతముగా నూలు కొని, నేసి, సంతలో అమ్ముకొనువానికి స్వాతంత్ర్యము ఉన్నది గాని బలము లేదు. ఒక చీర అమ్ముడుపోయిన గాని మరుసటి పడుగునకు నూలు లేదు. జాతరలు, సంతలు అతనికి ఆధారము. ఎమ్మిగనూరున జనవరి మాసములో జరుగు నీలకంఠేశ్వరస్వామి జాతర ఈ సీమలో ప్రసిద్ధమైనది. ఎద్దులు మొదలు గాజుల వరకు అచట అమ్మకమునకు వచ్చును. కాని జాతర ఏడాదికి ఒకమారు, ఆకలి ప్రతిదినము. సంతకు తెచ్చిన గుడ్డను సాయంకాలమునకు మరల మోసికొనిపోలేక, వచ్చిన ధరకు ఇచ్చివేయుట నేతగానికి అలవాటైనది. ఆ సాయంకాలపు ధరకై కాచుకొనియుండుట కొనువానికి అలవాటైనది.

ఈ బాధ పడలేక అనేకులు సావుకారు క్రింద చేరిరి. సావుకారు నూలు ఇచ్చును, కూలి ఇచ్చును, గుడ్డ తీసికొనిపోవును. అమ్ముడుపోని భారము తనదే. కావున అతనిని కేవలము దుర్మార్గునిగా చిత్రించుట న్యాయము కాదు. అతడు చేయు పని అవసరమైనదే. కాని బజారులో ఏది అమ్ముచున్నదో, ఎంతకు అమ్ముచున్నదో అను తెలివి అతని వద్దనే ఉండిపోయెను. పెండ్లికో వైద్యమునకో తీసికొన్న బాకీ వలన నేతగాడు మరియొక సావుకారు వద్దకు పోలేడు. అతనికి తెలిసినది కూలి రేటు ఒక్కటే.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున పనిముట్టులో ఒక పెద్ద మార్పు వచ్చెను. 1733లో జాన్ కే అను ఆంగ్లేయుడు కనిపెట్టిన, త్రాడు లాగిన పరుగెత్తు నాడె మదరాసు రాజధానిలోని మగ్గములకు వ్యాపించెను. నేత వేగము హెచ్చెను. మంచిదే. అయితే గుడ్డ ఎక్కువగా తయారైనంత మాత్రమున కొనువారు ఎక్కువగా పుట్టరు. 1929 తరువాతి ఆర్థిక మాంద్యమున పంటల ధరలు కూలి, రైతు చేతిలో రూపాయి కరవైనప్పుడు, నేతగాని వేగమే అతనికి శత్రువాయెను. అమ్ముడుపోని గుడ్డ ఇండ్లలో పేరుకొనెను. కూలి రేట్లు పడెను. పనిముట్టులోని మార్పునకు దీటుగా అమ్మకములో మార్పు రానిచో లాభము పనివానికి దక్కదని ఆ దశాబ్దము చాటినది.

ఇచట ఇంగ్లాండులోని ఒక వృత్తాంతము స్మరింపదగియున్నది. 1844లో రాచ్‌డేల్ అను మిల్లు పట్టణమున 28 మంది శ్రామికులు, వారిలో పెక్కురు నేతగాండ్రు, కొలదికొలదిగా మూలధనము కూడబెట్టి ఒక చిన్న అంగడి తెరచిరి. పిండి, వెన్న, చక్కెర వంటి సామానులు కల్తీ లేకుండ, సరియైన తూకమున అమ్ముటయే వారి వ్రతము. మిగిలిన లాభమును ఎవరు ఎంత కొనిరో దానినిబట్టి పంచుకొనిరి. లోకములోని సహకారోద్యమము ఆ అంగడిని తన పుట్టినిల్లుగా చెప్పుకొనును. మన దేశమున 1904లో పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1912 చట్టము వలన పరపతియే కాక ఉత్పత్తి, విక్రయముల కొరకు కూడ సంఘములు పెట్టుకొను వీలు కలిగెను. మదరాసు రాజధానికి 1932లో ప్రత్యేక సహకార చట్టము ఏర్పడెను. 1935లో చేనేత సంఘములకు పైసంఘముగా రాష్ట్రీయ చేనేత సహకార సంఘము మదరాసున స్థాపింపబడెను.

ఈ నేపథ్యమున 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు నేతగాండ్రను కూడగట్టి సహకార సంఘమును స్థాపించిరి. దాని పేరులోనే ‘ఉత్పత్తి’, ‘విక్రయము’ అను రెండు మాటలు ప్రక్కప్రక్కన ఉన్నవి. ఆ రెండవ మాటయే ఈ సంఘమునకు ప్రాణము. అప్పు ఇచ్చు సంఘములు అంతకు ముందే ఎన్నో ఉండెను. నేతగానికి అప్పు ఇచ్చినచో అతడు నూలు కొనగలడు. గుడ్డ అమ్ముడుపోనిచో ఆ అప్పే మరియొక ఉరియగును. అమ్మకము సంఘము చేతిలో లేనంతవరకు పరపతి నేతగానిని గట్టెక్కింపజాలదు.

ఇట్టి సంఘము పనిచేయు తీరు సులభముగా చెప్పవచ్చును. సభ్యులు వాటా ధనము చెల్లింతురు. సంఘము నూలును మిల్లునుండి టోకుగా కొనును. విడిగా చిలప చిలపగా కొను నేతగానికంటె ధర తగ్గును, నూలు కౌంటులో మోసము ఉండదు. నూలును సభ్యునికి తూచి ఇచ్చును. నేసిన గుడ్డను కొలిచి, పరీక్షించి, రకమునుబట్టి కూలి ఇచ్చును. కూలిలో కొంత పొదుపు నిధికి నిలుపును. గుడ్డ అమ్మవలసిన బాధ్యత సంఘముది. ఏడాది చివర మిగులు ఉన్నచో సభ్యులకు దానిలో భాగముండును. సావుకారు చేయు పనులన్నియు ఇందు ఉన్నవి. చిట్టా మాత్రము సభ్యుని యెదుట తెరచియుండును. తువాలు తీసిన బేరమునకు, తెరచిన చిట్టాకు పోలిక కలదు గదా!

అమ్మకమును చేతిలోనికి తీసికొన్న సంఘము, ఏమి నేయవలెనను ప్రశ్నను కూడ క్రొత్తగా వేసికొనవలసియుండెను. ఊరి సంతలో చీరయు పంచెయు అమ్మును; అవి ప్రతి ఊరివారును నేయుదురు. నగరములలోని ఇండ్లకు, వసతిగృహములకు, ఆసుపత్రులకు దుప్పట్లు, తువాళ్ళు, తెరగుడ్డలు కావలెను. ఇవి కొలతకు నిలువవలెను, ఒకదాని రంగు మరియొకదానితో సరిపోవలెను, ఉతికినను వెలియరాదు. ఒంటరి నేతగాడు నూరు తువాళ్ళను ఒకే తీరున, ఒకే గడువులో ఇయ్యలేడు, సంఘము ఇయ్యగలదు. ఎమ్మిగనూరు దుప్పట్లకు, తువాళ్ళకు, గృహాలంకరణ వస్త్రములకు దూరదేశములలో కూడ పేరు వచ్చుటకు ఈ ఏకరూపతయే మూలము. సంఘము నగరములలో విక్రయశాలలు తెరచెను. అంతకు ముందు గుడ్డ మీద వర్తకుని పేరే గాని నేసిన ఊరి పేరు లేదు. ఇప్పుడు ఊరి పేరే గుర్తుగా మారెను. నేటివారు వ్యాపార చిహ్నము, ప్రచారము అని గొప్పగా చెప్పుకొను విద్యను కరవుసీమలోని నేతగాండ్ర సంఘమొకటి ఆనాడే అభ్యసించినది.

సంఘము పుట్టిన మరుసటి యేడే రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమాయెను. నూలు కరవైనది. 1942లో వెలువడిన చేనేత–మిల్లుల నిజనిర్ధారణ కమిటీ నివేదిక, దేశమున సుమారు 20 లక్షల మగ్గములు ఉన్నవని అంచనా వేసి, స్వతంత్ర నేతగాండ్రు క్రమక్రమముగా సావుకార్ల కూలివారుగా మారుచున్న సంగతిని ఎత్తిచూపెను. 1943లో గుడ్డ, నూలు నియంత్రణాజ్ఞ అమలులోనికి వచ్చెను. కంట్రోలు దినములలో నూలు సరసమైన ధరకు నేతగానికి అందవలెనన్న, పంచిపెట్టుటకు నమ్మకమైన సంస్థ కావలెను. అట్టి పనికి సహకార సంఘములే తగినవిగా కనిపించెను.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. నాడే ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారినుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరెను. ఎమ్మిగనూరు నేతగాండ్రు ఆ విధముగా తెలుగు రాష్ట్రపు పౌరులైరి. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వము మిల్లు గుడ్డపై గజమునకు మూడు పైసల వంతున, అనగా అణాలో నాలుగవ వంతు, అదనపు సుంకము విధించి, ఆ ధనమును ఖాదీ, చేనేతల అభివృద్ధికి కేటాయించెను. 1954లో పద్మ పురస్కారములు ఏర్పడిన మొదటి యేటనే మాచాని సోమప్పగారికి పద్మశ్రీ లభించెను. ఢిల్లీలోని ఆ గౌరవ పట్టికలో, ఒక తాలూకా కేంద్రము కూడ కాని ఊరిలో మగ్గముల నడుమ పనిచేసిన వ్యక్తి పేరు చేరుట ఆనాటి ఆశలకు గుర్తు.

సోమప్పగారి కృషిలో నేతగాండ్ర కాలనీ ముఖ్యమైనది. నేతగానికి ఇల్లే కర్మాగారము. గుంట మగ్గమునకు పొడి నేల కావలెను. వానకు గుంటలో నీరూరినచో పని ఆగును, పడుగు చెడును. చీకటి గదిలో నేసిన గుడ్డలో తెగిన పోగు కనబడదు. పడుగు చాచుటకు పొడవైన చోటు కావలెను. కావున గాలి, వెలుతురు గల ఇంటిని నేతగానికి సమకూర్చుట కేవలము దయాకార్యము కాదు; మంచి గుడ్డ కావలెనన్న సంఘము మొదట చేయవలసిన ఏర్పాటు అది. అంగడిలో దుప్పటి విప్పి చూచు గృహిణికి ఆ ఇంటి కిటికీ కనిపించదు. అయినను ఆ కిటికీ వెలుతురు ఆమె చేతిలోని గుడ్డలో ఉన్నది.

ఇంతవరకు చెప్పినది ఉత్థానము. తరువాతి కథను దాచరాదు. సుంకపు నిధినుండి చేనేత గుడ్డపై రూపాయికి ఇంతయని రిబేటు ఇచ్చు పద్ధతి వచ్చెను. పండుగ దినములలో రిబేటు ప్రకటించగానే విక్రయశాలలు నిండెను. అది మేలే. కాని కాలక్రమమున కొనువారు రిబేటు దినములకే కాచుకొనియుండుట అలవాటు చేసికొనిరి. అమ్మువారు కూడ ఆ దినములనే నమ్ముకొనిరి. వెనుకటి సంతలోని సాయంకాలపు ధర మరియొక రూపమున తిరిగి వచ్చెను.

1976లో పేదలకు చౌక గుడ్డ నేయు జనతా వస్త్ర పథకము చేనేత రంగమున ప్రవేశపెట్టబడెను. సంఘములకు పని దొరకెను. సహాయ ధనము వచ్చెను. అయితే ప్రభుత్వము చెప్పిన ముతక రకమును ప్రభుత్వము కొనుచున్నప్పుడు, ఏ రంగు అమ్మునో, ఏ అంచు నచ్చునో తెలిసికొనవలసిన అక్కర ఉండదు. నేర్పుగల చేతులు ముతక పనికి అలవాటుపడెను. 1990లలో ఆ పథకము ముగిసినప్పుడు పెక్కు సంఘములకు కొనువారు లేరు. కొనువారిని వెదకు అలవాటు అంతకు ముందే పోయెను. 1985లో చేనేతకు 22 రకములు ప్రత్యేకించుచు చట్టము చేయబడెను. తరువాత ఆ పట్టిక 11 రకములకు తగ్గింపబడెను. మరమగ్గములు చేనేత నమూనాలను అనుకరించి తక్కువ ధరకు అమ్మినవి. 1995–96 గణన నాటికి దేశమున సుమారు 65 లక్షలుగా ఉన్న చేనేత పనివారి సంఖ్య 2009–10 నాటికి 43 లక్షలకు, 2019–20 నాటికి 35 లక్షలకు తగ్గినది.

ఈ అంకెల వెనుక కుటుంబములు ఉన్నవి. పడమటి కర్నూలున ‘సుగ్గి’ అను మాట అందరికి తెలిసినదే. ఇల్లు తాళము వేసి, బిడ్డలను వెంటబెట్టుకొని, పని కొరకు దూరప్రాంతములకు పోవుట సుగ్గికి పోవుట. వాన లేని యేడు రైతు కూలి పోవును. పని లేని మగ్గము గల ఇంటిలోని యువకుడును ఏదో ఒక పని వెదకుకొనుచు ఊరు విడుచును. మగ్గము ఒకమారు విప్పి అటుకపై పెట్టినచో దానిని మరల బిగించుట అరుదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చు విద్య ఒక తరము విరామమును ఓర్వదు.

కావున ఈ చరిత్రలో మనము ఎంచి చూడవలసిన భేదము ఒకటి కలదు. 1938 నాటి కల్పనలో నేతగాండ్రు అమ్మకపు కష్టమును తమపై వేసికొనిరి. నగరములో ఏమి అమ్మునో వెదకిరి. దానికి తగినట్లు మగ్గమును మార్చుకొనిరి. తరువాతి పథకములు ఆ కష్టమును వారి నెత్తినుండి దింపినవి. దానితోపాటు ఆ నేర్పును కూడ దింపినవి. ప్రభుత్వ సహాయము అక్కరలేదని దీని తాత్పర్యము కాదు. నూలు ధర పెరిగినప్పుడు, మరమగ్గము నకలు చేసినప్పుడు, చిన్న సంఘము తానొక్కతే నిలువజాలదు. కరవునాడు నూలు ఇచ్చి గుడ్డ కొన్న ప్రభుత్వము చేసినది మంచిపనియే. అయితే సహాయము నేతగానిని బజారునుండి దూరము చేయునది కాక, బజారునకు దగ్గర చేయునది కావలెను. క్రొత్త నమూనాలకు, రంగుల శాలకు, పరీక్షకు, దూరపు కొనువానితో నేరుగా మాటాడు ఏర్పాటునకు వెచ్చించిన రూపాయి, తరుగు ధరకు అమ్మించు రూపాయికంటె ఎక్కువ కాలము నిలుచును.

నేడు బేరము తువాలు క్రింద జరుగదు; చేతిలోని ఫోనులో జరుగుచున్నది. ఏ ఊరి నేతగాడైనను తన గుడ్డ బొమ్మను దేశాంతరమునకు చూపగలడు. అయినను పాత ప్రశ్నలు పాతవిగానే ఉన్నవి. నూలు ఎవరిది? ధర ఎవరికి తెలియును? నూరు దుప్పట్లు ఒకే తీరున ఇచ్చెదనని మాట ఇచ్చువారెవరు? అమ్ముడుపోనిది ఎవరి ఇంట నిలుచును? ఈ నాలుగింటికి ఎమ్మిగనూరు నేతగాండ్రు ఒకప్పుడు కలిసి జవాబు చెప్పిరి. అది ఎనుబదియేండ్లకు పైబడిన జవాబైనను, క్రొత్తగా సంఘము పెట్టుకొనదలచు యువకులు మొదట చదువవలసినది అదియే.

ఎమ్మిగనూరున సోమప్పగారి పేరిట ఒక కూడలి ఉన్నది. ఆయన స్మారకముగా పాఠశాల ఉన్నది. ఆ దారిన పోవు బాలునికి ఆయన పేరు తెలియును. ఆయన ఏమి చేసిరని అడిగినచో, నేతగాండ్రకు సంఘము పెట్టిరని చెప్పును. ఆ సంఘము ఏమి చేసెనని కూడ వానికి తెలియజెప్పవలెను. దుప్పటి కొనునప్పుడు అది ఏ ఊరిలో నేసినదని అంగడివానిని అడుగు అలవాటు మన ఇండ్లలో ఉన్నచో, ఆ చెప్పుట కొంత సులభమగును.